సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు మారిస్తే బండిలో గాలి–పెట్రోలు లెక్క ఏమవుతుంది?

సంఘం కార్యదర్శిగా నేను ఈ పేజీలో రాసేవన్నీ సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పులు, దరఖాస్తు గడువుల గురించే. ఈసారి మోటారు సైకిల్ ఇంజను గురించి రాస్తున్నానంటే కొందరు నవ్వుకోవచ్చు. ముప్పయ్యేళ్లకు పైగా గుమాస్తాగా లెక్కల పుస్తకాలు చూసినవాడినే కాని మెకానిక్‌ని కాను. అయినా ఈ విషయం కూడా చివరికి ఒక లెక్కే అని ఈ మధ్యనే తెలిసింది. తెలియడానికి మా ఇంటికి పదకొండు వేల రూపాయలు ఖర్చయింది.

మా పెద్దమ్మాయి కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాళ్ల నాన్న సెకండ్ హ్యాండ్‌లో 350 సీసీ బండి కొనిచ్చారు. కార్బొరేటరు ఉన్న పాత మోడల్. సంక్రాంతికి వచ్చినప్పుడు “తాతయ్యా, సైలెన్సర్ మార్పించుకుంటాను” అన్నాడు. పండగ పూట పిల్లవాడు నోరు తెరిచి అడిగాడు కదా అని పెన్షన్ డబ్బులోంచి నేనే ఇచ్చాను. సైలెన్సరుతో పాటు పాత ఫిల్టరు డబ్బా కూడా తీయించి, కార్బొరేటరుకి నేరుగా తగిలించే గుండ్రటి ఫిల్టరు పెట్టించుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. వేసవిలో స్నేహితులతో అన్నవరం వెళ్తుంటే హైవే మీద బండి పికప్ పోయింది. ఆటోలో వేసుకుని తీసుకొచ్చారు. హెడ్ విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి ఉంది.

“సైలెన్సర్ ఒక్కటే కదా తాతయ్యా మార్చాం, ఇంజన్ జోలికి పోలేదుగా” అన్నాడు వాడు. అక్కడే ఉంది పొరపాటు. సైలెన్సరు, ఫిల్టరు మార్చడమంటే ఇంజను జోలికి పోవడమే. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఇదే పని చేస్తున్నారు, డబ్బిచ్చేది పెద్దవాళ్లే. బండితో వచ్చే పుస్తకంలో ఈ సంగతులు ఉండవు. అందుకని తెలుసుకున్నంత వరకు తెలుగులో ఒకచోట పెడుతున్నాను.

అసలు లెక్క

పెట్రోలు ఒక్కటే కాలదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాలాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గ్రాముల్లో చెబితే ఇది చిన్నదిగా కనిపిస్తుంది. లీటర్లలో చూస్తే, ఒక లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి అవసరం. 350 సీసీ ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతూ ఎక్సలేటరు పూర్తిగా తెరిచి ఉంటే నిమిషానికి దాదాపు 700 లీటర్ల గాలి పీల్చుకుంటుంది. ఆ గాలి లోపలికి వచ్చే దారి ఫిల్టరు. కాలిన తర్వాత బయటికి పోయే దారి సైలెన్సరు. ఈ రెండు దారుల్లో ఏది మార్చినా ఇంజను పీల్చే గాలి మారుతుంది.

గాలికి తగినంత పెట్రోలు లేకపోతే మిశ్రమం పలచన అంటారు. పెట్రోలు ఎక్కువైతే చిక్కన అంటారు. మెకానిక్కుల భాషలో లీన్, రిచ్. ఆడవాళ్లకు ఇది గ్యాస్ స్టవ్ దగ్గర తెలిసిన సంగతే. బర్నరులోకి గాలి సరిగా అందితే మంట నీలంగా ఉంటుంది. గాలి చాలకపోతే పసుపుగా మారి గిన్నె అడుగు మసి పడుతుంది. గాలి మరీ ఎక్కువైతే మంట బర్నరు మీద నిలవక ఎగిరెగిరి పడుతుంది. ఇంజనులో జరిగేది కూడా దాదాపు ఇదే, కాకపోతే మంట మనకు కనపడదు.

అన్ని వేళలా 14.7 సరిపోదు. ఎక్సలేటరు పూర్తిగా తిప్పి బలం కోరినప్పుడు ఇంజనుకు కాస్త చిక్కటి మిశ్రమం కావాలి, అంటే గ్రాము పెట్రోలుకు 12.5 నుంచి 13 గ్రాముల గాలి. ఇలా అదనంగా వచ్చే పెట్రోలు ఆవిరవుతూ సిలిండరులోని వేడిని కొంత లాగేస్తుంది. నీళ్ల రేడియేటరు లేకుండా గాలికే చల్లబడే మన బండ్లకు ఇది పెద్ద రక్షణ. నిదానంగా ఒకే వేగంతో వెళ్లేటప్పుడు మాత్రం 14.7కి దగ్గరగానో, ఇంకొంచెం పలచగానో ఉన్నా ఫరవాలేదు, మైలేజీ వస్తుంది. ప్రమాదం ఎక్కడంటే, బలం కావలసిన చోట మిశ్రమం పలచబడడం. మా మనవడి బండికి హైవే మీద జరిగింది ఇదే.

కార్బొరేటరు ఎలా కొలుస్తుంది

కార్బొరేటరు అనే మాటకు మూలం ఫ్రెంచి. ‘కార్బూర్’ అనే మాట నుంచి వచ్చింది. ఫ్రెంచి బళ్లో చదువుకున్న మన యానాం పెద్దలకు ఇది వింత కాదు. పరికరం మాత్రం చాలా సాదా. గాలి వెళ్లే గొట్టం మధ్యలో సన్నగా ఉంటుంది. సన్నని చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. కింద చిన్న గిన్నెలో ఉన్న పెట్రోలుపై బయటి గాలి పీడనం ఉంటుంది. ఈ రెండు పీడనాల తేడాయే పెట్రోలును పైకి తోస్తుంది. ఎంత పెట్రోలు రావాలన్నది జెట్ అనే ఇత్తడి ముక్కలోని సన్నని రంధ్రం నిర్ణయిస్తుంది.

ఇందులో మూడు దశలున్నాయి. బండి నిలబడి ఆడుతున్నప్పుడు, ఎక్సలేటరు పావు వంతు లోపల తిప్పినప్పుడు ఎక్కువగా పనిచేసేది పైలట్ జెట్. పావు నుంచి ముప్పావు వరకు సూది, అది దిగే రంధ్రం. ముప్పావు దాటితే మెయిన్ జెట్. ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదానిలోకి ఒకటి కలుస్తాయి. కంపెనీవాళ్లు తమ ఫిల్టరు, తమ సైలెన్సరు పెట్టి, వాటితో వచ్చే పీడనానికి సరిపోయేలా ఈ మూడింటిని ఎంచుతారు. పొగ నిబంధనల కోసం ఆ ఎంపిక ముందే కాస్త పలచన వైపు ఉంటుంది. అంటే తప్పు చేయడానికి మనకు మిగిలే జాగా తక్కువ.

ఫిల్టరు మారిస్తే

చాలామంది అనుకునేది, “గాలి ఎక్కువ వస్తే పెట్రోలు కూడా దాని వెంట ఎక్కువే లాగబడుతుంది కదా” అని. అందులో సగం నిజం ఉంది. గొట్టంలో గాలి పెరిగితే పెట్రోలు కూడా కొంత పెరుగుతుంది. కాని ఫిల్టరు విషయంలో ఇంకో మెలిక ఉంది.

కంపెనీ ఫిల్టరు, దాని డబ్బా, డబ్బాకు ఉండే సన్నని ముక్కు, ఇవన్నీ గాలిని కొద్దిగా అడ్డుకుంటాయి. ఆ అడ్డు వల్ల కార్బొరేటరు గొట్టంలో పీడనం మరికొంచెం తగ్గి ఉంటుంది. గిన్నె మీద బయటి గాలి పీడనమే ఉన్న కార్బొరేటర్లలో ఈ అదనపు తేడా కూడా పెట్రోలును తోయడానికి తోడ్పడుతుంది. అడ్డు తీసేస్తే ఆ తోపు పోతుంది. గాలి పెరిగింది, దాన్ని బట్టి రావలసినంత పెట్రోలు రాలేదు. మిశ్రమం పలచబడింది. అందుకే ఒక్క సైలెన్సరు మార్చినదాని కంటే ఫిల్టరు డబ్బా తీసేసినప్పుడు తేడా ఎక్కువగా ఉంటుంది. డబ్బాకు రంధ్రాలు చేయించడం, మూత తీసేసి నడపడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

దీనికి తోడు మన ఊరి సంగతి ఒకటి ఉంది. కోతలు, నూర్పిళ్ల రోజుల్లో కోనసీమ రోడ్ల మీద ధాన్యపు దుమ్ము ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. కార్బొరేటరుకి నేరుగా తగిలించే చౌకరకం గుండ్రటి ఫిల్టర్లలో కొన్ని సన్నని దుమ్మును ఆపలేవు. ఆ దుమ్ము లోపలికి వెళ్లి పిస్టన్ రింగులను, బోరును అరగదీస్తుంది. వానలో తడిస్తే నీళ్లు కూడా నేరుగా పోతాయి. డబ్బా ఉన్నది ఇందుకే.

సైలెన్సరు మారిస్తే

కంపెనీ సైలెన్సరు లోపల గదులు, అడ్డుగోడలు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. కొత్త బండ్లలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు కూడా ఉంటుంది. ఇవి కాలిన వాయువును కాస్త వెనక్కి నొక్కిపెడతాయి. ఫ్రీ ఫ్లో అని అమ్మే సైలెన్సర్లో దాదాపు తిన్నని గొట్టం, దాని చుట్టూ శబ్దం పీల్చే దూది ఉంటాయి. అడ్డు తగ్గితే సిలిండరులో పాత వాయువు తక్కువ మిగులుతుంది, దాని బదులు కొత్త గాలి ఎక్కువ చేరుతుంది. కార్బొరేటరు బండిలో సైలెన్సరు ఒక్కటే మారిస్తే మిశ్రమం సాధారణంగా కొద్దిగానే పలచబడుతుంది. కాని ముందే పలచన అంచున ఉన్న బండికి ఆ కొద్దిపాటి తేడా కూడా చాలు.

ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. ఎగ్జాస్ట్ వాయువు ఒకే ధారగా పోదు, అలలు అలలుగా పోతుంది. గొట్టం కొసకు చేరిన అల తిరిగి వాల్వు దగ్గరకు వస్తుంది. గొట్టం పొడవును బట్టి ఒక వేగంలో ఆ అల కొత్త గాలిని లోపలికి లాగడానికి సాయపడుతుంది. ఇంకో వేగంలో ఎదురుకొట్టి కార్బొరేటరు వైపు వెనక్కి నెడుతుంది. అలా వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చిన గాలి కార్బొరేటరు మీదుగా రెండుమూడు సార్లు పోతుంది కాబట్టి ప్రతిసారీ కొంత పెట్రోలు తీసుకుంటుంది. ఆ వేగంలో మిశ్రమం చిక్కబడుతుంది. కాబట్టి పొట్టి గొట్టం పెట్టిన బండి ఒక వేగంలో పలచగా, మరో వేగంలో చిక్కగా నడిచి, మధ్యలో ఎక్కడో ‘చచ్చిపోయినట్టు’ అనిపించడం వింత కాదు. ఒక జెట్ మార్చినంత మాత్రాన ఇది పూర్తిగా పోదు.

ఎక్సలేటరు వదలగానే టపటపమని టపాకాయల్లా పేలడం గురించి పిల్లలు గొప్పగా చెప్పుకుంటారు. అది బలానికి గుర్తు కాదు. ఎక్సలేటరు మూసినప్పుడు పలచబడిన మిశ్రమం సిలిండరులో సరిగా అంటుకోక, కాలని పెట్రోలు వేడి గొట్టంలోకి పోతుంది. అక్కడ బయటి గాలి తగిలితే పేలుతుంది. ఆ గాలి బెండ్ పైపు జాయింటు దగ్గర లీకు నుంచి రావచ్చు, లేదా పొగ తగ్గించడానికి కంపెనీవాళ్లే పెట్టిన గాలి వాల్వు నుంచి రావచ్చు. గౌతమి ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లో ఉప్పుగాలికి జాయింట్లు త్వరగా తుప్పు పడతాయి. అందుకని పేలుడు వినగానే జెట్‌ను అనుమానించే ముందు జాయింటు చూడాలి.

బీఎస్-6 బండ్లకు ఇబ్బంది లేదా?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. దాంతో మోటారు సైకిళ్లలో చాలా వరకు కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇక్కడ పెట్రోలు కొలిచేది ఈసీయూ అనే చిన్న కంప్యూటరు. అది గాలిని నేరుగా తూచదు. ఎక్సలేటరు ఎంత తెరిచి ఉంది, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోంది, లోపలికి వచ్చే గాలి పీడనం, వేడి ఎంత అన్నవి చూసి, కంపెనీవాళ్లు ముందే రాసిపెట్టిన పట్టికలో వెతికి, ఇంత పెట్రోలు చిమ్మాలని నిర్ణయిస్తుంది. మా ఆఫీసులో జీతాల స్లాబు పట్టిక చూసి బిల్లు రాసినట్టే. పట్టిక పాత సైలెన్సరుకు రాసినది. సైలెన్సరు మారిందని పట్టికకు తెలియదు.

తప్పు దిద్దుకోవడానికి బెండ్ పైపులో ఆక్సిజన్ సెన్సరు ఉంటుంది. కార్లలో ఇది 1976లో మొదటిసారి వచ్చింది. కాలిన వాయువులో ఆక్సిజన్ మిగిలితే మిశ్రమం పలచన అని, మిగలకపోతే చిక్కన అని చెబుతుంది. దాన్ని బట్టి ఈసీయూ పెట్రోలును కొద్దిగా పెంచి తగ్గిస్తుంది. అందుకే “ఇంజెక్షన్ బండి తనంతట తానే సర్దుకుంటుంది” అనే మాట పుట్టింది. సర్దుకునే మాట నిజమే, కాని దానికి రెండు హద్దులు ఉన్నాయి. ఒకటి, ఆ సర్దుబాటు కొంత శాతం వరకే. రెండు, మామూలు సెన్సరు 14.7 చుట్టూ మాత్రమే నమ్మకంగా చెప్పగలదు. ఎక్సలేటరు పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ సెన్సరు మాట పక్కన పెట్టి పట్టికనే నమ్ముతుంది. సైలెన్సరు, ఫిల్టరు మార్పు ప్రభావం ఎక్కువగా ఉండేది కూడా సరిగ్గా అక్కడే.

ఇంకో చిక్కు ఉంది. కొత్త బెండ్ పైపు జాయింటులో లీకు ఉంటే, సెన్సరు ముందు బయటి గాలి చేరుతుంది. సెన్సరు దాన్ని చూసి మిశ్రమం పలచన అనుకుంటుంది. ఈసీయూ అవసరం లేకపోయినా పెట్రోలు పెంచుతుంది. బండి తాగడం మొదలుపెడుతుంది, పొగ వాసన వస్తుంది. కొందరు సెన్సరే తీసేసి దాని చోట ఉత్తుత్తి ప్లగ్గు పెడతారు. మరికొందరు గాలి చల్లగా ఉందని ఈసీయూను నమ్మించే చిన్న పరికరం తగిలిస్తారు. లెక్క తప్పినప్పుడు పుస్తకం దిద్దాలి కాని ఆడిటరుకు తప్పుడు కాగితం చూపకూడదు కదా. ఇదీ అంతే.

ఈ20 పెట్రోలుతో రెట్టింపు జాగ్రత్త

పాత కార్బొరేటరు బండ్లకు ఇది ముఖ్యం. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు అమ్మకం మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది. అందుకని దాని గ్రాము కాలడానికి 9 గ్రాముల గాలి చాలు. లెక్క వేస్తే ఈ20కి కావలసినది గ్రాముకు సుమారు 13.5 గ్రాముల గాలి. పాత జెట్ మాత్రం 14.7 లెక్కనే పోస్తుంది. అంటే బండిలో ఏ ముక్కా మార్చకపోయినా మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడినట్టే. దాని మీద ఫిల్టరు, దాని మీద సైలెన్సరు. మూడు పలచనలు కలిసి మా వాడి వాల్వు కాల్చాయి.

వేసవిలో గాలి వేడెక్కి పలచబడితే మిశ్రమం కొంచెం చిక్కబడుతుంది. అరకు లాంటి సుమారు 900 మీటర్ల ఎత్తుకు వెళ్లినా కార్బొరేటరు బండి చిక్కగానే నడుస్తుంది. కాబట్టి కొండ మీద బాగా నడవలేదని జెట్ తగ్గించుకున్న బండి, దిగి మన ఊరికి వచ్చేసరికి పలచన అవుతుంది. సర్దుబాటు ఎప్పుడూ బండి రోజూ తిరిగే చోటే చేయించాలి.

గుర్తులు

మిశ్రమం పలచనైతే: పొద్దున స్టార్టు కావడానికి చోక్ ఎక్కువసేపు కావాలి. ఎక్సలేటరు తిప్పగానే ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఒకే వేగంలో పట్టుకున్నా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఎక్సలేటరు వదిలినా చుట్లు వెంటనే తగ్గవు. బెండ్ పైపు బంగారు రంగుకో నీలానికో తిరుగుతుంది. ఇంజను వేడి కాళ్లకు కొడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల గులకరాళ్లు ఆడినట్టు చప్పుడు వస్తే వెంటనే ఎక్సలేటరు తగ్గించాలి. ప్లగ్గు కొస సున్నంలా తెల్లగా ఉంటుంది.

మిశ్రమం చిక్కనైతే: ప్లగ్గు పొడి మసితో నల్లగా ఉంటుంది. వెనక నల్లపొగ, కళ్లు మండే వాసన. మైలేజీ పడిపోతుంది. వేడెక్కిన కొద్దీ బండి మొద్దుబారుతుంది. మరీ ఎక్కువైతే పెట్రోలు బోరులోంచి దిగి ఇంజన్ ఆయిలును పలచన చేస్తుంది. మన యానాంలో పన్ను తక్కువ కావడంతో పెట్రోలు పక్క జిల్లాల కంటే చవక. అందువల్ల ఈ నష్టం మన కంటికి త్వరగా ఆనదు. క్యాటలిటిక్ కన్వర్టరు ఉన్న బండిలో ఈ కాలని పెట్రోలు అక్కడికి పోయి కాలుతుంది, దాన్ని పాడుచేస్తుంది.

సరిగ్గా ఉన్న ప్లగ్గు లేత ఇటుక రంగులో ఉంటుందని పాత మెకానిక్కుల మాట. ఇప్పటి పెట్రోలుతో ఆ రంగు అంత స్పష్టంగా తేలదు. కాబట్టి ప్లగ్గు ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదు.

సరిచేసే పద్ధతి

అన్నిటికంటే మంచిది, ఖర్చు లేనిది, కంపెనీ సైలెన్సరు, ఫిల్టరు తిరిగి పెట్టడం. అలా కాదంటే వరుస తప్పకుండా చేయాలి.

1. ముందు ఉన్నవాటిని బాగు చేయాలి. ఫిల్టరు శుభ్రం, కొత్త ప్లగ్గు, వాల్వు గ్యాపు, బెండ్ పైపు జాయింటు గ్యాస్కెట్టు, కార్బొరేటరుకూ హెడ్డుకూ మధ్య రబ్బరు పగుళ్లు. ఆ రబ్బరు పగిలినా దొంగదారిన గాలి చేరి మిశ్రమం పలచబడుతుంది.

2. ఒకసారికి ఒక్కటే మార్చాలి. సైలెన్సరు, ఫిల్టరు, జెట్ ఒకేరోజు మారిస్తే ఏది ఏమి చేసిందో ఎవరికీ తెలియదు.

3. కార్బొరేటరు బండిలో మొదట మెయిన్ జెట్, తర్వాత సూది, చివరికి పైలట్ స్క్రూ చూడాలి. జెట్ మీద అంకె ఉంటుంది. అంకె పెరిగితే రంధ్రం పెద్దది. రంధ్రం వ్యాసం 1.00 మిల్లీమీటరు నుంచి 1.05కి పెరిగితే వైశాల్యం సుమారు 10 శాతం పెరుగుతుంది. కాబట్టి ఒక్కో మెట్టు మాత్రమే ఎక్కాలి. సూది క్లిప్పును ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. ఎయిర్ స్క్రూ ఒక్కటి తిప్పి “ట్యూనింగ్ అయిపోయింది” అంటే అది కింది పావు వంతుకే పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

4. ఇంజెక్షన్ బండిలో జెట్ ఉండదు. పట్టికే మార్చాలి. అది తెలిసినవాళ్లు, మిశ్రమం కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సరు ఉన్నవాళ్లు చేయవలసిన పని. దానితో వారంటీ చిక్కు కూడా వస్తుంది. కంపెనీవాళ్లే తమ మోడల్‌కు ఆమోదించి అమ్మే సైలెన్సరు ఉంటే అదే మేలు.

5. పాత ముక్కలు పారేయకండి. స్క్రాపు కింద మెకానిక్‌కు వదిలేయకండి. ఇంటికి తెచ్చుకుని అటక మీద పెట్టుకోండి.

పీయూసీ గురించి ఒక మాట. పొగ పరీక్ష బండి నిలబడి ఆడుతున్నప్పుడు చేస్తారు. 2000 ఏప్రిల్ తర్వాతి ఫోర్ స్ట్రోక్ కార్బొరేటరు బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 4500 పీపీఎం దాటకూడదు. బీఎస్-6 బండ్లకు హద్దు ఇంకా తక్కువ. పలచటి మిశ్రమంలో కార్బన్ మోనాక్సైడ్ తక్కువే వస్తుంది. కాబట్టి వాల్వు కాలబోతున్న బండి కూడా పరీక్షలో సులభంగా పాసవ్వచ్చు. సర్టిఫికెట్ ఉంది కదా అని మిశ్రమం బాగున్నట్టు కాదు. మా వాడి దగ్గరా సర్టిఫికెట్ ఉంది.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం కేంద్రానిది. మన పీవై-04 నంబరు బండి బాలయోగి వారధి దాటి ఎదుర్లంక వైపు వెళ్లినా, కాకినాడ వెళ్లినా అదే చట్టం. 1988 చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2019 సవరణ తర్వాత 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190(2) కింద మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. దీనికి తోడు మూడు నెలలు లైసెన్సు రద్దు. ఈ సెక్షన్లలో ‘యజమాని’ అన్నచోట ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే. మన ఇళ్లలో చాలాచోట్ల అది తండ్రి పేరు. విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలు మీరు టీవీలో చూసే ఉంటారు. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము సమయంలో అడ్డు రావచ్చు.

తరచు వినే మాటలు

“ఇంజనుకు వెనక నుంచి కొంత అడ్డు ఉండాలి, లేకపోతే బలం పోతుంది.” అడ్డు వల్ల ఇంజనుకు మేలు లేదు. అడ్డు తీసినప్పుడు మిశ్రమం పలచబడి, అలల లెక్క తప్పి, కింది వేగాల్లో బలం పోతుంది. దాన్ని చూసి పుట్టిన మాట అది.

“శబ్దం పెరిగింది కాబట్టి పికప్ పెరిగింది.” చెవి మోసం చేస్తుంది. మామూలు రోడ్డు బండికి ఒక్క సైలెన్సరుతో వచ్చే బలం చాలా స్వల్పం. మిశ్రమం సరిచేయకపోతే అదీ రాదు.

“పెట్రోలు తక్కువ పోతే మైలేజీ వస్తుంది కదా, పలచన మంచిదే.” కొంతవరకే. హద్దు దాటితే పికప్ చాలక మనం ఎక్సలేటరు ఇంకా తిప్పుతాం. మిగిలిన పైసలు హెడ్ పనికి పోతాయి.

పెద్దలకు మనవి

పిల్లలను కేకలేసి ఆపగలమని నేను అనుకోను. వయసులో మనమూ సైకిలు చక్రానికి అట్టముక్క కట్టి చప్పుడు చేసినవాళ్లమే. డబ్బు అడిగినప్పుడు మాత్రం మూడు ప్రశ్నలు వేయండి. ఈ సైలెన్సరు మీ బండి మోడల్‌కు కంపెనీ ఆమోదించినదేనా? ఇది పెట్టాక పెట్రోలు లెక్క ఎవరు సరిచేస్తారు, దేనితో కొలుస్తారు? పాత ముక్కలు ఇంటికి తెస్తున్నావా? మూడింటికీ జవాబు ఉంటేనే జేబులో చెయ్యి పెట్టండి. నేను ఒక్కటీ అడగలేదు.

ఇప్పుడు మా వాడి బండికి పాత డబ్బా, పాత సైలెన్సరు తిరిగి వచ్చాయి. మెకానిక్ ఈ20కి తగ్గట్టు మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచాడు. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టవుతోంది. కొత్త సైలెన్సరు అటక మీద ఉంది, ఎవరికైనా చూపించాలంటే దించుతాను. మీ ఇంట్లో ఇలాంటి అనుభవం ఉంటే సంఘం కార్యాలయంలో చెప్పండి. మిగిలినవాళ్లకు పనికొస్తుంది.

— కార్యదర్శి, తెలుగు సంఘం, యానాం